8 టీబీవి రెండా, 4 టీబీవి మూడా? ఆఫీసు ఫైల్ సర్వర్‌కు ఏ రెయిడ్ మేలు?

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులవాళ్లూ, ఒంగోలు, నెల్లూరు ఫొటో స్టూడియోలవాళ్లూ తిప్పితిప్పి అడిగేది ఒకటే. పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి 8 టీబీ ఫైల్ సర్వర్ పెట్టాలంటే, 8 టీబీ డిస్కులు రెండు కొని రెయిడ్ 1 చేయాలా, 4 టీబీవి మూడు కొని రెయిడ్ 5 చేయాలా? రెయిడ్ అంటే ఒక డిస్కు పోయినా ఫైళ్లు నిలిచేలా డిస్కులను కలిపి కట్టడం. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే కాపీ ఉంటుంది. రెయిడ్ 5లో డేటా మూడింటి మీదా పరుచుకుంటుంది, పోయినదాన్ని తిరిగి లెక్కగట్టడానికి పారిటీ అనే అదనపు సమాచారమూ ఉంటుంది.

వేగం సంగతి వదిలేయండి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు 110 ఎంబీ చుట్టూనే పోతుంది, పెద్ద ఫైళ్లకు అంత ఒక్క డిస్కే ఇస్తుంది. రీబిల్డ్‌లో, అంటే పోయిన డిస్కు స్థానంలో పెట్టిన కొత్తదాన్ని నింపేటప్పుడు, చదవలేని సెక్టార్ (డిస్కులో ఒక చిన్న గడి) తగులుతుందన్న భయమూ రెండింటికీ సమానమే, ఎటు చూసినా చదవాల్సింది 8 టీబీయే. సమయం మాత్రం రెయిడ్ 5కు కలిసొస్తుంది: సెకనుకు 150 ఎంబీ లెక్కన 4 టీబీ డిస్కు నిండడానికి ఏడున్నర గంటలు, 8 టీబీకి పదిహేను.

అసలు తేడా కరెంటు దగ్గర. డిస్కు పోయాక కొత్తది ఊళ్లో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి రావాలి. అందాకా సర్వర్ కుంటుతూనే నడవాలి. వాయుగుండం పట్టిన కార్తీకంలో, ఫైల్ రాస్తుండగా కరెంటు పోయిందనుకోండి. రెయిడ్ 5లో డేటాకూ పారిటీకీ పొంతన తప్పి ఉండొచ్చు. పోయిన డిస్కులోని బ్లాకులను లెక్కగట్టేది ఆ పారిటీతోనే. అందుకే లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్ 'డర్టీ డీగ్రేడెడ్' (ఒక డిస్కు లేదు, రాత సగంలో ఆగింది) అని మొరాయిస్తుంది. లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఆడమ్ కమాండ్‌కు ఫోర్స్ ఇస్తే ఎర్రే (డిస్కుల కట్ట) లేస్తుంది గానీ, ఏ ఫైల్ చెడిందో చెప్పదు. ఆ రోజు ఎవరూ ముట్టుకోని ఫైలూ చెడి ఉండొచ్చు. రెయిడ్ 1లో పారిటీయే లేదు. మిగిలిన డిస్కు మామూలుగా లేస్తుంది, ఫైల్‌సిస్టమ్ తన జర్నల్ (రాతల చిట్టా) సరిచూసుకుంటుంది, అంతే. మదర్‌బోర్డు కాలినా ఆ ఒక్క డిస్కును ఇంకో లినక్స్ మిషన్‌కు తగిలిస్తే ఫైళ్లు వస్తాయి.

ఈ పొంతన తప్పడానికి రెయిడ్ 5కు పీపీఎల్ (పార్షియల్ పారిటీ లాగ్) అనే మందు కర్నెల్ 4.12 నుంచి ఉంది. రాత వేగం 30-40 శాతం దాకా పడిపోవచ్చు, పైగా బిట్‌మ్యాప్‌తో (ఎక్కడెక్కడ రాస్తున్నదీ గుర్తుంచుకునే పట్టికతో) కలిపి వాడనివ్వదు. అయితే పెంచుకోవడంలో రెయిడ్ 5దే పైచేయి: నాలుగో డిస్కు కలిపి గ్రో చేస్తే 12 టీబీ. ఏటా పెళ్లి వీడియోలు పోగయ్యే స్టూడియోకు, యూపీఎస్ బ్యాటరీ నిజంగా నిలబడేదైతే, అది తీసిపారేసే మాట కాదు. మిగతావాళ్లు రెయిడ్ 1 చేసుకోండి. రెయిడ్ 6, 10ల మాట నాలుగు డిస్కులకు డబ్బులున్నప్పుడు.

ఏది కట్టినా ఎస్ఎంఆర్ (ట్రాకులను ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాసే) డిస్కులు వద్దు, రీబిల్డ్‌లో ఈడుస్తాయి. పార్టిషన్ చివర 100 ఎంబీ వదలండి, రేపు తెచ్చే వేరే కంపెనీ డిస్కు కాస్త చిన్నదై ఉండొచ్చు. స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఎస్‌సీటీఈఆర్‌సీని (చెడ్డ సెక్టార్ కోసం డిస్కు ఎంతసేపు ప్రయత్నించాలన్న హద్దును) 70కి, అంటే ఏడు సెకన్లకు, పెట్టండి. డిస్కు ఒప్పుకోకపోతే కర్నెల్ టైమౌట్‌ను 30 నుంచి 180 సెకన్లకు పెంచండి. లేకపోతే ఒక్క చెడ్డ సెక్టార్‌తో కుస్తీ పడుతున్న డిస్కును కర్నెల్ బయటికి గెంటేస్తుంది. కరెంటు తీసేస్తే ఈ సెట్టింగు పోతుంది, బూట్ స్క్రిప్టులో రాసి ఉంచండి. యూపీఎస్‌కు యూఎస్‌బీ పోర్టు ఉండాలి, ఎన్‌యూటీ అనే సాఫ్ట్‌వేర్ కరెంటు పోయినప్పుడు సర్వర్‌ను పద్ధతిగా ఆపేది దాని ద్వారానే. పొరపాటున డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోనూ పోతుంది గనక, బ్యాకప్‌కు వేరే డిస్కు కొని సర్వర్ గదిలో కాకుండా ఇంకోచోట ఉంచండి.