తగ్గని కాలి నొప్పి: మళ్ళీ నడుము స్కానా, నరం వెంట వెతకడమా?

కాలు నెలల తరబడి లాగుతూ, మంటపుడుతూ, ఉన్నట్టుండి షాకు కొట్టినట్టు జివ్వుమంటుంటే మన దగ్గర మొదట వినిపించే మాట సయాటికా, మొదట జరిగే పరీక్ష నడుముకు ఎంఆర్ఐ. కాలిలోకి పాకే నొప్పికి వెన్నులోని డిస్కే ఎక్కువసార్లు కారణం కాబట్టి ఈ క్రమంలో తప్పేమీ లేదు. మందులూ ఫిజియోథెరపీ అయ్యాక కూడా నొప్పి తగ్గకపోతే అదే నడుమును మళ్ళీ మళ్ళీ స్కాన్ చేయించడం దగ్గరే చిక్కు వస్తుంది. తొడలోనో, మోకాలి వెనుక గుంటలోనో, చీలమండ లోపలివైపునో నరం మీద గడ్డ ఉంటే, వెన్ను దిగువ భాగంతో ఆగిపోయే ఆ స్కాన్‌లో అది కనిపించే వీలే లేదు.

ఇటువంటి గడ్డల్లో తరచుగా కనిపించేది ష్వానోమా. నరపు పోగులకు తొడుగు కట్టే ష్వాన్ కణాల నుంచి పుట్టి నెమ్మదిగా పెరిగే ఈ గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. అరుదైనదే కనుక కాలు నొప్పి ఉన్నవారంతా కంగారు పడనక్కరలేదు.

నడుము స్కాన్‌తో మరో ఇబ్బంది కూడా ఉంది: అది ఉన్నదానికంటే ఎక్కువ చెబుతున్నట్టు అనిపిస్తుంది. 1994లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే 52 శాతం మందిలో కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బు కనిపించింది. కాబట్టి రిపోర్టులో ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’ (నడుములోని నాలుగు, అయిదు వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బు) అని రాసి ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని తేలిపోదు. పైగా ఆ ఒక్క వాక్యంతో వెతుకులాట ఆగిపోతుంది.

అందుకే, వంగినా లేచినా నొప్పిలో మార్పు లేకుండా, రాత్రిళ్ళు ఎక్కువవుతూ, రోగి ఒకే చోటును వేలితో చూపించగలిగినప్పుడు రెండో నడుము స్కాన్ కంటే డాక్టరు చేతివేలే మేలని నా అభిప్రాయం. పిరుదు కింది నుంచి పాదం వరకు నరం దారి వెంట మెల్లగా తట్టుకుంటూ వస్తే, గడ్డ ఉన్నచోట జిల్లుమన్న తిమ్మిరి అక్కడి నుంచి కిందికి పాకుతుంది. జూల్ టినెల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1915లో వర్ణించిన గుర్తు ఇది. గడ్డ చేతికి తగిలితే పక్కలకు కదులుతుంది గానీ నరం పొడవునా పైకీ కిందికీ జరగదు.

ఆ తరువాత అల్ట్రాసౌండా, కాలికి ఎంఆర్ఐయా? చోటు ఇంకా తెలియనప్పుడు అల్ట్రాసౌండే ముందు. ఖర్చు తక్కువ, ఒకే విడతలో నరాన్ని చాలా దూరం వెంబడించవచ్చు, నొప్పి పుట్టే చోటే ప్రోబ్ ఆనించి చూడవచ్చు. అయితే రక్తనాళాల కోసం తీసే డాప్లర్‌నే నరం పరీక్షగా పొరబడకూడదు. నల్లగా కోలగా కనిపించే ఈ గడ్డను నీటితిత్తి అనుకునే ప్రమాదమూ ఉంది గనుక, నరం దానిలోకి వెళ్ళి అటువైపు బయటికి వస్తోందా అన్నది చూడమని ముందే అడగాలి. పిరుదు లోతుల్లో, కటిలో అల్ట్రాసౌండ్ సరిగా అందదు. అక్కడా, ఆపరేషన్‌కు ముందూ కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనిపించడానికి నరంలోకి కాదు, రక్తంలోకి ఎక్కించే మందుతో) తీసే ఎంఆర్ఐదే పైచేయి.

గడ్డ దొరికాక ఆపరేషనా, వేచి చూడటమా అన్నది ముఖ్యంగా నొప్పిని బట్టి తేలుతుంది. ఇబ్బంది పెట్టని చిన్న గడ్డను అప్పుడప్పుడు స్కాన్‌తో గమనిస్తే సరిపోతుంది. నిద్ర చెడగొడుతుంటే తీయించుకోవడమే మేలు, ఎందుకంటే ష్వానోమా సాధారణంగా పోగులను ఒక పక్కకు నెట్టి తన పొరలోనే పెరుగుతుంది. మైక్రోస్కోపు కింద పొర చీల్చి, నరాన్ని తెగ్గోయకుండా గడ్డను ఒలిచి తీయవచ్చు. పోగుల మధ్యే అల్లుకునే మరో రకం నరపు గడ్డ న్యూరోఫైబ్రోమా విషయంలో అంత సులువు కాదు. సూది పెట్టి ముక్క తీయడం తీవ్రమైన నొప్పిని కలిగించి నరాన్ని దెబ్బతీయగలదు కాబట్టి దానికి తొందరపడకూడదు. గడ్డ వేగంగా పెరుగుతున్నా, కాలు బలహీనపడుతున్నా, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలతో కూడిన న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు వ్యాధి ఉన్నవారిలో నొప్పి కొత్తగా పెరిగినా వేచి చూడటం తగదు. అప్పుడు సూది పరీక్ష కూడా అవసరం కావచ్చు, ఆ నిర్ణయాన్ని నరాల గడ్డలకు శస్త్రచికిత్స చేసే వైద్యులకే వదిలేయాలి.