హాస్టల్ స్నానాల గదుల పని: మధురవాడ శానిటరీ షాపుపై నా మాట

బడి హాస్టల్లో ఆడపిల్లలకు వార్డెన్‌ని. వేసవి సెలవుల్లో స్నానాల గదులు బాగు చేయించాం. సామాను, పని రెండూ మధురవాడలోని ఒకే శానిటరీ షాపుకు అప్పగించాం.

తలుపుల విషయంలో షాపాయనకు పూర్తి మార్కులు. విశాఖ ఉప్పుగాలికి ఇనప గడియల గతేమిటో మనందరికీ తెలుసు. అవి తుప్పు పట్టి పడకపోతే, ఒకమ్మాయి స్నానం చేస్తుంటే ఇంకో అమ్మాయి బయట కాపలా ఉండేది. ఈయన పీవీసీ తలుపులు, స్టెయిన్‌లెస్ స్టీలు గడియలు పెట్టించాడు. "మేడమ్, బట్టల కొక్కేలు మరీ పైన వద్దు, ఆరో తరగతి పిల్లలకు అందవు" అని అడక్కుండానే చెప్పాడు. ప్రతి గదిలో మూత ఉన్న చెత్తబుట్ట మాత్రం నేనే పట్టుబట్టి పెట్టించాను. మగవాళ్లకు ఆ అవసరం తోచదు లెండి.

పేచీ అంతా సోలార్ హీటర్ దగ్గరే. మాది బోరు నీళ్లు, బకెట్‌కి కూడా తెల్లటి పొర కట్టేస్తాయి. హీటర్ గాజు గొట్టాల్లోనూ అదే పేరుకుంటుందని, అప్పుడప్పుడు శుభ్రం చేయించాలని అమ్మేటప్పుడే చెప్పాలిగా? డిసెంబరులో నీళ్లు కాగకపోతే అప్పుడు చెప్పారు. సర్వీసు మనిషి కోసం ఫోన్ల మీద ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఈలోగా పిల్లలు చన్నీళ్లే పోసుకున్నారు, పరీక్షల ముందు జలుబులని నాకు ఒకటే టెన్షన్.

మూల గదిలో నేల వాటం కుదరక నీళ్లు నిలుస్తున్నాయి. ఇంకా సరిచేయలేదు.

తలుపులు, పైపుల పనికైతే నిశ్చింతగా వెళ్లండి. హీటర్ కొంటే సర్వీసు సంగతి బిల్లు మీదే రాయించుకోండి.