కోట్‌పాడ్ నేత దుప్పటి: మా రాయగడ ఇంటికి నప్పిన మట్టిరంగు

ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే గోడలకు ఐవరీ రంగు వేసి, సోఫాకు బేజ్ కవర్లు తొడిగితే సరిపోతుందని ఇప్పుడు అందరూ చెప్తున్నారు. రాయగడలో కొత్తగా కడుతున్న ఫ్లాట్లలో చాలావాటికి అదే వరస. ఆ గదుల్లో ఎంతసేపు కూర్చున్నా నాకు డాక్టరు గారి వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. లేత రంగులంటే నాకూ ఇష్టమే. కానీ మిల్లు పాలిస్టర్ మీద ఆ రంగులో జీవం ఉండదు. మా పడకగదికి కోట్‌పాడ్ నేత దుప్పటి, రెండు గలీబులు తెచ్చుకున్నాక ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

కోట్‌పాడ్ మా ఒడిశాలోనే, కోరాపుట్ జిల్లాలో, జయపురం నుంచి జగదల్‌పూర్ వెళ్లే రోడ్డు మీద ఉన్న చిన్న ఊరు. అక్కడి మిర్గాన్ కులం నేతగాళ్లు చుట్టుపక్కల ఆదివాసీల కోసం తరతరాలుగా ఈ బట్ట నేస్తున్నారు. 2005లో ఈ బట్టకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతగాడు గోవర్ధన్ పనికాకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ బట్టలో రంగంతా ఆల్ చెట్టు వేరు బెరడులోంచి వచ్చేదే. మనం తొగరు చెట్టు అంటామే, ఆ జాతిది. బెరడు ఎండబెట్టి పొడి కొడతారు. రంగులో ముంచే ముందు నూలుకు పెద్ద సేవే చేయాలి. ఆముదం, ఆవుపేడ, బూడిద నీళ్లు పట్టించి, పిసికి, ఎండలో ఆరేసి, మళ్లీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి సాగుతుంది. ఈ పనిలో తొందరపడితే రంగు నూలుకు పట్టదు. పొడి పాళ్లను బట్టి, వేరును బట్టి ఎరుపు, మెరూన్, కాఫీ రంగు దిగుతాయి. ఇంకా ముదురు కావాలంటే అన్నభేది కలుపుతారు. మిగిలింది బ్లీచ్ చేయని పత్తి సొంత రంగు, కాస్త పసుపు తిరిగిన తెలుపు. పాతకాలం నుంచీ వస్తున్న బట్టలో ఇంతే ఉంటాయి. కాబట్టి దేని పక్కన ఏది వేసినా కొట్లాడవు. కేటలాగ్ ముందేసుకుని మ్యాచింగ్ కోసం తల పట్టుకునే పని తప్పింది.

మా దుప్పటి నడిమంతా పత్తి రంగు, రెండు వైపులా జానెడు వెడల్పున మెరూన్ అంచు. ఆ అంచు పొడుగునా పీతలు. అచ్చు వేసినవి కావు, నేస్తున్నప్పుడే విడిగా పేక (అడ్డ) దారం ఎక్కించి తీసినవి. దగ్గర పెట్టుకుని చూస్తే ఒక పీతకు కాళ్లు పొట్టి, పక్కదానికి డెక్క కొంచెం లావు. వేలితో తడిమితే బట్ట కంటే ఉబ్బెత్తుగా తగులుతాయి. అంచులోని మెరూన్ కూడా ఒక్క తీరుగా లేదు. ఒక పట్టీ ఇటుక రంగుకు దగ్గర, దాని పక్కది గోధుమ రంగుకు దగ్గర. పొద్దున్న కిటికీ వెలుగులో ఎర్రగా కనిపించే చోటు, రాత్రి పసుపు బల్బు కింద కాఫీ రంగులోకి దిగిపోతుంది. తెల్ల ట్యూబ్‌లైట్ కింద మాత్రం ఈ అందమేదీ తెలియదు. మేము ఆ గదిలో ట్యూబ్‌లైట్ తీయించేశాం.

మా గదిలో పాత రెడాక్సైడ్ గచ్చు, సాల్ కలప తలుపులు, మంచం పక్కన ఈత చాప. వీటన్నిటితో ఇది ఇట్టే కలిసిపోయింది. ఇంతకుముందున్న పూల ప్రింటు కర్టెన్లు, ప్లాస్టిక్ పూల కుండీ తీసేశాను. "కొత్త దుప్పటి కొంటూ ఈ మట్టిరంగేంటమ్మా, కాస్త కళగా ఉండేది తేలేకపోయావా?" అని మా అత్తయ్య మొదట ముఖం ముడుచుకున్నారు. ఇప్పుడు మధ్యాహ్నం కునుకు ఆ మంచం మీదే తీస్తున్నారు. చల్లగా ఉందట.

ఇబ్బందులూ చెప్పాలి. మొదట్లో ఆముదం వాసన ఉంటుంది, ఉతుకులు పడేకొద్దీ పోతుంది. బట్ట ముతక, బరువు. మెత్తబడడానికి టైమ్ పడుతుంది. చేనేత మగ్గం పన్నా తక్కువ కాబట్టి డబుల్ కాట్ దుప్పటికి రెండు ముక్కలు కలిపి కుట్టాల్సిందే. మాకు నడిమధ్యన ఆ కుట్టు కనిపిస్తుంది. గలీబులతో కలిపి ఐదు వేలు దాటింది. ఆ చాకిరీ కళ్లారా చూశాక బేరమాడాలనిపించలేదు.

విజయనగరంలో ఉన్న మా చెల్లెలు ఆన్‌లైన్‌లో కోట్‌పాడ్ అని చూసి తెప్పించుకుంటే వచ్చింది ప్రింటు బట్ట. తిరగేసి చూస్తే వెనక వైపు వెలవెలబోతోంది. అసలు నేతలో పీత వెనక కూడా దారం కనిపిస్తుంది. నీలం, ఆకుపచ్చ మెరుస్తుంటే అది ఆల్ రంగు కాదు. కొనేముందు ఈ రెండూ చూసుకోండి.

ఉతికేటప్పుడు చన్నీళ్లు, కుంకుడు రసం చాలు. "ఎండలో వేయకు, నీడన ఆరెయ్" అని అమ్మిన మావుసీ (పిన్ని) ఒకటికి రెండుసార్లు చెప్పింది, నేనూ అలాగే చేస్తున్నాను. కర్టెన్లకు మాత్రం ఈ బట్ట వద్దంటాను. బరువుకు రాడ్ వంగుతుంది, గది చీకటవుతుంది. కిటికీలకు మామూలు ముడి నూలు గుడ్డ వేయండి. మంచానికి, దివాన్‌కు, గోడకు వేలాడదీయడానికి ఇది తీసుకోండి. కోట్‌పాడ్‌లో నేతగాళ్ల ఇంటికే వెళ్లి కొనుక్కోవచ్చు, కోరాపుట్ పరబ్ ఉత్సవాల స్టాళ్లలోనూ దొరుకుతుంది. మీకు కావాల్సిన కొలతకు నేయించుకోవాలంటే చాలా ముందే చెప్పి, కొంత అడ్వాన్స్ ఇవ్వండి. నూలుకు రంగు పట్టించడానికే వారాలు పడుతుంది. దివాన్ కోసం నేను చెప్పిన కాఫీ రంగు గుడ్డ ఇంకా మగ్గం ఎక్కలేదు.