పారిస్ క్యూరీ మ్యూజియం: 'కరెంటు' రోజూ ఎందుకు పెడతారో తెలిసిన చోటు

"రోజూ బస్సెక్కి రావాలా అమ్మా? ఒకేసారి కరెంటు పెట్టేస్తే సరిపోదా?"

హైదరాబాద్‌లో రేడియోథెరపీ టెక్నాలజిస్టుగా పని చేస్తున్న ఇన్నేళ్లలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. రేడియేషన్‌ను మన దగ్గర చాలామంది 'కరెంటు పెట్టడం' అనే అంటారు. గొంతు క్యాన్సర్‌తో నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు పదో సిట్టింగ్ దాకా రోజూ అడిగారు. ఆయనకు రాసినవి 35 సిట్టింగులు. ఒక్కోసారి 2 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), మొత్తం 70. "మంచి కణాలు కోలుకోవాలి కదా పెద్దాయనా" అని చెప్పేదాన్ని. ఆ మాట వెనక ఎంత పని ఉందో నాకు పారిస్‌లో తెలిసివచ్చింది.

మా అబ్బాయి అక్కడ చదువుకుంటున్నాడు. వాడిని చూడడానికి వెళ్లినప్పుడు నేను అడిగిన మొదటి చోటు క్యూరీ మ్యూజియం. లుక్సెంబర్గ్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. టికెట్ లేదు. బుధవారం నుంచి శనివారం వరకు, అదీ మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే తెరుస్తారు కాబట్టి చూసుకుని వెళ్లండి.

చిన్న మ్యూజియం. కానీ రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీ 1934లో చనిపోయేదాకా పని చేసిన భవనం ఇదే. ఆమె గది, పక్కనే రసాయన ప్రయోగశాల. ఆ ప్రయోగశాలలో మిగిలిపోయిన రేడియోధార్మికతను 1981లో శుభ్రం చేశాకే జనాన్ని రానిచ్చారు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే డోసిమీటర్ బ్యాడ్జి రోజూ పెట్టుకుని పనిలోకి దిగే నాకు అక్కడ ఒళ్లు జలదరించింది. ఆమెకు ఏ బ్యాడ్జీ లేదు. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి కొనిచ్చిన ఒక గ్రాము రేడియం వచ్చిన సీసపు పెట్టె కూడా చూశాను. ఒక్క గ్రాముకు అంత బరువైన పెట్టె! రేడియం పేరుతో అమ్మిన ముఖానికి రాసుకునే క్రీములు మరో అద్దాల అరలో ఉన్నాయి.

అయితే నేను ఎక్కువసేపు గడిపింది లోపల కాదు, తోటలో. మేరీ క్యూరీ శ్రద్ధగా మొక్కలు నాటించిన తోట అది. దానికి అవతలి వైపు పాశ్చర్ విభాగపు భవనం. ఇటు భౌతిక, రసాయన శాస్త్రాలు, అటు జీవశాస్త్రం; రెండూ కలిస్తే రేడియం ఇన్‌స్టిట్యూట్. అటువైపు అధిపతి క్లోదియూస్ రెగో. లియోన్‌లో పుట్టిన ఈ డాక్టరు కణజాలాలు చదివిన మనిషి. 1906 నాటికే ఎక్స్ కిరణాలు ఎలుకల వృషణాలను ఏం చేస్తాయో పరిశీలిస్తున్నాడు. ఇక్కడికి వచ్చాక పొట్టేళ్ల మీద ప్రయోగాలు చేశాడు. ఒకే మోతాదులో విత్తులు (వృషణాలు) పనిచేయకుండా చేయాలంటే పైచర్మం ఘోరంగా కాలిపోయేది. అదే కిరణాలను కొన్ని రోజులకు పంచి ఇస్తే విత్తులు చచ్చుబడేవి, చర్మం నిలిచేది. ఎప్పుడూ విభజన చెందుతుండే వృషణ కణాలను ఆయన క్యాన్సర్ గడ్డకు నమూనాగా తీసుకున్నాడు. చర్మం మన మంచి కణజాలానికి నమూనా. 1927లో తోటి పరిశోధకుడు ఫెరూతో కలిసి ఈ ఫలితాలు ప్రచురించాడు. ఆయన దగ్గరే పని చేసిన ఆంరీ కూతార్ ఇలా రోజులకు పంచి కిరణాలిచ్చే పద్ధతితోనే గొంతు క్యాన్సర్ రోగులకు వైద్యం చేశాడు.

గొంతు క్యాన్సర్! నల్లగొండ పెద్దాయన అక్కడే గుర్తొచ్చారు.

క్యూరీ కుటుంబానికి వచ్చిన అయిదు నోబెల్ బహుమతుల గురించి అందరికీ తెలుసు. రెగో పేరు నా తోటి టెక్నాలజిస్టుల్లోనే చాలామందికి తెలియదు. అందుకే మన వృత్తిలో ఉన్నవాళ్లు ఆయన గురించి కాస్త చదువుకుని మరీ వెళ్లండి. అప్పుడు ఆ తోట మామూలు తోటలా కనిపించదు. ఓపిక ఉంటే అక్కడి నుంచి ఫ్రాన్స్ ప్రముఖుల సమాధులుండే పాంథియాన్‌కు నడవండి. 1995 నుంచి క్యూరీ దంపతుల సమాధులు అక్కడే ఉన్నాయి.

నా వరకు అయిదుకు అయిదు నక్షత్రాలు. తోటలో నిలబడి ఎదుటి భవనాన్ని ఒక ఫోటో తీసుకున్నాను. ఇప్పుడు ఎవరైనా "ఒకేసారి పెట్టేయకూడదా?" అని అడిగితే ఆ ఫోటో చూపించి పొట్టేళ్ల సంగతి చెబుతున్నాను. విత్తులు కొట్టడం తెలిసిన రైతులకు వెంటనే అర్థమవుతోంది. నల్లగొండ పెద్దాయన మొన్న చెకప్‌కు వచ్చినప్పుడు ఆయనకూ చూపించాను. బొంగురు గొంతుతోనే రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.