పాత ఆవిష్కరణలతో సైన్స్ క్లాసు: కొన్నేళ్లు నడిపాక నా అభిప్రాయం

విశాఖలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్స్ చెబుతాను. పాతకాలపు ఆవిష్కరణలను పిల్లల చేతే తయారు చేయించే పాఠాలు కొన్నేళ్లుగా నా క్లాసులో నడుస్తున్నాయి. మొదలుపెట్టమంటారా అని తోటి టీచర్లు అడిగితే తప్పకుండా పెట్టమంటాను, రెడీమేడ్ కిట్ మాత్రం కొనొద్దంటాను.

బాగా పండింది వోల్టా బ్యాటరీ. 1800లో అలెస్సాండ్రో వోల్టా ప్రకటించిన పేర్పు అది, రెండు రకాల లోహపు బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చడమే. రాగి రేకు, జింకు పూత ఉన్న ఇనుప (జీఐ) వాషర్లు పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి. మధ్యలో ఉప్పునీళ్లలో తడిపిన అట్టముక్క. రాగి, వాషర్ కలిసిన ఒక్కో జతకు సుమారు 0.7 వోల్టులు వస్తాయి, నాలుగైదు జతలకు ఎర్ర ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంది. ఇక పిల్లలు ఆగరు, పేరుస్తూనే పోతారు. అయినా వెలుగు పెరగదు. పై బరువుకు కింది అట్టలు నలిగి, ఉప్పునీళ్లు పక్కలకు కారి జతలు షార్ట్ అవుతాయి. వోల్టా పేర్పుకు కూడా ఇదే చిక్కు. తర్వాత విలియం క్రూక్‌శాంక్ లోహపు పలకలను పెట్టెలో అడ్డంగా అమర్చి దాన్ని తప్పించాడు. ఆ సంగతి ముందే చెప్పను. కాసేపటికి ఏదో ఒక బెంచీ నుంచి "మేడం, దీన్ని పడుకోబెడితే?" అని వస్తుంది. నాకు ఈ పాఠం మీద ఇంత ప్రేమ అందుకే.

మేం ఒకసారి కొన్న కిట్‌లో ఆ ప్రశ్నకు చోటే లేదు. ముక్కలన్నీ కోసి, రంధ్రాలు వేసి ఇచ్చారు. బెంచీలన్నిటి మీదా ఒకే బొమ్మ తయారైంది, ఎవరూ ఎవరితోనూ వాదించలేదు.

పైపుకు ప్లాస్టిక్ ట్యూబ్ చుట్టి, తిప్పుతూ నీళ్లు పైకి తోడే ఆర్కిమెడిస్ స్క్రూ కూడా మంచిదే. మరీ నిటారుగా పెడితే నీళ్లు పైకెక్కవు, ఎంత వాలు కావాలో పిల్లలే పట్టుకుంటారు. శ్రీకాకుళం వైపు పిల్లలు తాతలు ఏతం తొక్కిన కబుర్లు తెస్తారు. స్క్రూ, ఏతం రెండిట్లో నిమిషానికి ఏది ఎక్కువ నీళ్లు తోడుతుందో లెక్క వేయించండి.

మన సముద్రపు గాలికి వానాకాలంలో అట్ట పళ్లచక్రాలు మెత్తబడిపోతాయి. ఆ నెలల్లో లియొనార్డో డావిన్సీ వంతెన పెట్టుకోండి. జిగురు, మేకులు లేకుండా పుల్లలు ఒకదానికొకటి అడ్డుపడి నిలుస్తాయి.

నలభై నిమిషాల పీరియడ్ దేనికీ చాలదు, రెండు కలిపి అడగండి. సిలబస్ టెన్షన్ ఉన్న పదో తరగతికి నేను పెట్టలేదు. వాషర్లను అదే రోజు మంచినీళ్లతో కడిగి, తుడిచి దాచండి. ఉప్పుతో వదిలేస్తే తర్వాతి సెక్షన్‌కు పనికిరావు.