దవడే తేడాగా ఉంటే క్లిప్పులు చాలా? ఏది మేలు?

మా తమ్ముడు జామకాయను ముందు పళ్లతో కొరకగా నేనెప్పుడూ చూడలేదు. పక్కకు తిప్పి దవడ పళ్ల మధ్య పెట్టి విరిచేవాడు. నోరు మూస్తే కింది పళ్లు పై పళ్లను దాటి ముందుకొచ్చేవి. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక, 23 ఏళ్లకు, మారతహళ్లిలో డాక్టరుకు చూపిస్తే మూడు దారులు చెప్పారు.

మొదటిది క్లిప్పులు మాత్రమే. హిందూపురంలో ఉన్న మా అమ్మ ఓటు దీనికే, కోత ఉండదు కదా! కానీ క్లిప్పులు పళ్లను జరుపుతాయి, ఎదుగుదల ఆగిన దవడను కాదు. తేడా కొంచెమే అయితే ఒకటి రెండు పళ్లు తీసి, మిగతావి వెనక్కి వాల్చి కప్పిపుచ్చవచ్చు. ఎక్కువైతే మాత్రం పళ్లను ఎముక అంచుదాకా తోసేసినట్టే. చిగుళ్లు దెబ్బతినొచ్చు, గడ్డం ఉన్నచోటే ఉంటుంది.

రెండోది, మా తమ్ముడు ఎంచుకున్నది, ముందు క్లిప్పులు, మధ్యలో సర్జరీ, ఆ తర్వాత మళ్లీ కొన్ని నెలలు క్లిప్పులే. సర్జరీకి ముందే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. చాలామంది బెదిరేది ఇక్కడే. దవడ తేడాకు సర్దుకుంటూ పై పళ్లు బయటికి, కింది పళ్లు లోపలికి వాలిపోయి ఉంటాయి. క్లిప్పులు వాటిని నిటారుగా నిలబెట్టగానే దాగిన తేడా అంతా బయటపడుతుంది. "డబ్బులిచ్చి మొహం పాడుచేయించుకున్నావేంరా" అని వీడియో కాల్‌లో అమ్మ ఒకటే గొడవ. నిజానికి అది పని సరిగ్గా సాగుతోందనడానికి గుర్తు.

సర్జరీలో నోటి లోపలి నుంచే కోసి, ఎముకను జరిపి, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. తర్వాత కొన్ని వారాలు జావ, మిక్సీలో తిప్పిన పప్పన్నం. రాగి ముద్దను బెంగళూరువాళ్లు నమలకుండా మింగుతారని వాడికి అప్పుడే గుర్తొచ్చింది!

మూడోది సర్జరీయే ముందు. మొహం వెంటనే మారుతుంది, ఎముక మానే నెలల్లో పళ్లు కూడా త్వరగా కదులుతాయి. కానీ పళ్లు బాగా ఇరుకుగా ఉన్నవాళ్లకు కుదరదు, డాక్టర్ల లెక్క తప్పితే సర్దుకునే వీలూ తక్కువ.

తేడా పెద్దదైతే నా ఓటు రెండోదానికే. తొందర పడాల్సిన పని కాదు, మగపిల్లల కింది దవడ 18 దాటాక కూడా పెరగొచ్చు. ఒప్పుకునే ముందు పెదవి తిమ్మిరి గురించి గట్టిగా అడగండి. కింది దవడ నరం దెబ్బతింటే కొందరికి అది పూర్తిగా పోదు. మావాడికి సర్జరీ అయి ఎనిమిది నెలలైంది. జామకాయ కొరుకుతున్నాడు. ఎడమవైపు పెదవి మీద టీ చుక్క నిలిచినా తెలియదు, ఎదుటివాళ్లమే చెప్పాలి.