చామనచాయ ముఖాలకు కోపిక్ స్కెచ్ మార్కర్లు: ఏళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

పిల్లల కథలకు బొమ్మలు వేయడం నా పని. ఆ బొమ్మల్లో ఉండేవి మన ఊళ్లలో కనిపించే ముఖాలే. అందుకే ఏ మార్కర్ చేతికొచ్చినా ముందుగా చూసేది చామనచాయ ఎలా వస్తుందన్నదే. ఆ విషయంలో కోపిక్ స్కెచ్ అనే, రెండు చివర్లా నిబ్బులుండే ఆల్కహాల్ ఇంకు మార్కర్ నాకు పూర్తిగా నచ్చింది. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇవే కొంటాను, పెద్ద సెట్ మాత్రం కొనను.

స్కెచ్ రకంలో 358 రంగులున్నాయి. ముఖాల పనికి అందులో గుప్పెడు చాలు. ప్రతి మార్కర్ మూత మీద ఒక కోడ్ ఉంటుంది. అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది, ‘ఈ’ (ఇంగ్లిష్ E) అంటే మట్టి రంగులు. మొదటి అంకె పెరిగేకొద్దీ రంగు బూడిదబారుతుంది, చివరి అంకె పెరిగేకొద్దీ ముదురుతుంది. ఈ-33, ఈ-35, ఈ-37 తీసుకుంటే మొదటి అంకె ఒకటే కాబట్టి ఒకదాంట్లో ఒకటి చక్కగా కలిసిపోతాయి. ఎండలో పనిచేసే రైతు ముఖానికి ఈ మూడే వాడతాను. కాస్త ఎర్రని ఛాయ కావాలంటే ఈ-13, ఈ-15. ‘స్కిన్ టోన్స్’ పేరుతో అమ్మే సెట్లలో నేను చూసినంతవరకు పాలిపోయిన గులాబీలే ఎక్కువ. విడివిడిగా కొనుక్కోవడమే మేలు.

నీడకు నలుపు, బూడిద రంగులు వాడితే చర్మం మసిబారినట్టు కనిపిస్తుంది. నేను ముందు లేత వంగపండు రంగు ఒక పూత వేసి, ఆరాక దాని మీద గోధుమరంగు వేస్తాను. ఇంకు పారదర్శకం కాబట్టి కింది పూత పైకి తెలుస్తుంది, ముఖానికి జీవం వస్తుంది. ఇదే గుణం వల్ల ముదురు మీద లేత రంగు పనిచేయదు. కంటి మెరుపుకీ ముక్కుపుడకకీ చివర్లో తెల్ల జెల్ పెన్ను పెట్టుకోవాల్సిందే.

మన ఎండాకాలంలో అసలు టెన్షన్ ఫ్యానుతోనే. గాలికి ఆల్కహాల్ ఆవిరైపోయి, రెండో రంగు తగిలేలోపే మొదటిది ఆరిపోతుంది, చారలు పడతాయి. పెద్ద ఆకాశం లాంటివి నేను పొద్దున్నే వేస్తాను, ఫ్యాను ఆపి, వాసన పోయేలా కిటికీ తెరిచి.

పేపర్ విషయంలో పిసినారితనం వద్దు. మామూలు డ్రాయింగ్ పేపర్ ఇంకును పీల్చేసి గీత దాటిస్తుంది, వెనక్కి కూడా దిగుతుంది. నున్నటి మార్కర్ పేపర్ కానీ బ్రిస్టల్ అనే మందపాటి నున్నటి కాగితం కానీ తీసుకోండి. గీతలకు పిగ్మెంట్ ఇంకు (కరగని రంగు పొడితో చేసినది) పెన్నులే వాడండి, ఆల్కహాల్‌కు అవి చెదరవు.

ధర ఎక్కువే, కాదనను. కానీ బ్రష్ నిబ్ (కుంచెలా వంగే మొన) అరిగితే పట్టకారుతో లాగి కొత్తది దూర్చుకోవచ్చు. 12 మిల్లీలీటర్ల ఇంకు సీసాతో ఒక మార్కర్‌ను చాలాసార్లు నింపుకోవచ్చు. ఎక్కువగా అయిపోయే రంగులకు ముందు సీసాలే కొనండి. మార్కర్లను పడుకోబెట్టి దాచండి, ఇంకు రెండు నిబ్బులకూ సమంగా అందుతుంది.

ఇవి డై (కరిగే రంగు) ఇంకులు, ఏ కంపెనీవైనా వెలుతురుకు వెలిసిపోతాయి. బొమ్మ పూర్తవగానే స్కాన్ చేస్తాను. పుస్తకానికి వెళ్లేది ఆ స్కానే కాబట్టి నా పనికి అడ్డం లేదు. గోడకు తగిలించే బొమ్మ అడిగిన వాళ్లకు మాత్రం వాటర్ కలర్‌తో వేసిస్తాను.